సిగ్గు ఎవరిది?

మా ఆత్మకూరు ఎండల్లో పసిపిల్లలకి బట్టే ఒక బరువు. మా అవ్వల కాలంలో మగపిల్లాడు మొలతాడుతోనే వీధంతా తిరిగేవాడు. అదే ఈడు ఆడపిల్లకి మాత్రం, కలిగినవాళ్ళ ఇళ్ళల్లో, మొలతాడుకి వెండి సిగ్గుబిళ్ళ కట్టేవారు. రావి ఆకు ఆకారంలో ఉండే ఆ బిళ్ళ చలికీ ఆగదు, దుమ్ముకీ ఆగదు. మరెందుకు? పేరులోనే ఉంది. నడక రాని పిల్లకి సిగ్గేమిటండీ? అది చూసేవాళ్ళది. మోసింది మాత్రం ఆ పిల్ల.

అంతటా ఇంతేనా అంటే, కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా తల్లులకి చలితోనే బాధ. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా లోపల 'అండర్‌వెయిస్ట్' అనే బిగుతు బాడీ తొడిగి, దాని బొత్తాలకి లాగూ, పట్టీలకి పొడుగు మేజోళ్ళూ తగిలించేవారు. చలి ఇద్దరికీ ఒకటే గనుక బట్టా ఒకటే.

ఇప్పుడు మనకీ ఇద్దరికీ చెడ్డీలు వచ్చాయి, సిగ్గుబిళ్ళ పోయింది. మాట పోలేదు. గౌను ఎగరేసి గెంతే నాలుగేళ్ళ పిల్లని "ఏమ్మే, సిగ్గు లేదా?" అంటాం. చెడ్డీ విప్పి పరుగెత్తే తమ్ముణ్ణి చూసి నవ్వుతాం.

బట్టలు వద్దని నేననను. జాగ్రత్త చెప్పాల్సిందే, ఇద్దరికీ. 2012 నాటి పోక్సో చట్టమైనా ఆడా మగా అని తేడా చూడలేదు. కానీ "ఇది నీ ఒళ్ళు, ఎవరైనా ముడితే నాతో చెప్పు" అంటే పిల్లకి ధైర్యం వస్తుంది. "సిగ్గు లేదా" అంటూ పెంచితే, రేపు ఎవడో చెయ్యి వేసినా తప్పు తనదేననుకుని నోరు విప్పదు.

అప్పుడు సిగ్గుపడాల్సింది ఎవరు, మీరే చెప్పండి.