గోనెపట్టతో ఆగమన వలయం



ఆగమన కాలం వచ్చిందంటే మన ఇళ్లల్లో సందడి మొదలవుతుంది. గోడలకు సున్నాలు, గుమ్మాలకు తోరణాలు, ఇంటిపైన నక్షత్రం. కొన్ని ఇళ్లల్లో మరో అలంకరణ కూడా కనిపిస్తున్నది. గోనెపట్టను పేలికలుగా కత్తిరించి, పచ్చని ఆకులు జోడించి, ఇంట్లోనే చేసుకునే వలయం అది. చూడముచ్చటగా ఉంటుంది. అయితే దాని అర్థం తెలిసి చేసుకుంటే ఆత్మకు కూడా మేలు.

ఈ వలయం పుట్టింది ధనవంతుల ఇంట కాదు. జర్మనీ దేశంలోని హాంబుర్గు నగరంలో యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు పేద పిల్లలను చేరదీసి ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మసు ఎప్పుడొస్తుందని ఆ పిల్లలు అదే పనిగా అడుగుతుంటే, 1839లో ఆయన ఒక బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలిపి రోజుకొకటి వెలిగించాడు. పచ్చని కొమ్మలు తరువాత వచ్చి చేరాయి. 1925లో కొలోను నగరంలోని ఒక కతోలిక దేవాలయంలో కూడా దీనిని ఉంచారు. నేడు మనం నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తున్నాం. మూడు ఊదా రంగువి పశ్చాత్తాపానికి, గులాబి రంగుది మూడవ ఆదివారపు ఆనందానికి గుర్తు.

ఇక గోనెపట్ట మాట. యోనా ప్రకటన విన్న నీనెవె రాజు సింహాసనం దిగి, రాజవస్త్రాలు విడిచి, గోనె కట్టుకొని బూడిదలో కూర్చున్నాడు (యోనా 3:6). ఆనాటి గోనె మేకవెంట్రుకలతో నేసినది. మనది జనపనారతోనో, గోగునారతోనో నేసినది. రెండూ ఒంటికి గుచ్చుకునేవే.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, సంకేతమంటే ఏమిటో పునీత అగుస్తీను గారి బోధన నుండి నేర్చుకున్నాం. మన చూపును తన దగ్గరే ఆపుకోక, మనసును మరొక దాని వైపు నడిపించేదే సంకేతం. పరీక్షలో ఈ జవాబు బాగానే వ్రాశాను. దాని అర్థం మాత్రం ఒక పేదరాలు నేర్పేదాకా నాకు తెలియలేదు.

చాలా ఏళ్ల క్రిందటి మాట. అప్పుడు నేనున్న విచారణలో ఒక తల్లి, గోనె చుట్టిన వలయాన్ని గుడికి తెచ్చింది. కుట్లు వంకరగా ఉన్నాయి. గోనె మీద బియ్యం మిల్లు ముద్ర ఇంకా కనబడుతున్నది. "ఇది పీఠం దగ్గర బాగుండదమ్మా, బజారు నుంచి మంచిది తెప్పించాను" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. ఆ వారమే రోగులకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లి, ఆమె ఇంట్లో అడుగుపెట్టాను. భర్త నడుము పడిపోయి మంచంలో ఉన్నాడు. తలాపున అదే వలయం. "మిల్లులో ఈయన ముప్పై ఏళ్లు మోసిన గోనె, ఫాదరు గారూ. ఇక మోయలేడు. ఆ గోనెనైనా స్వామి ముందు పెడదామనుకున్నాను" అన్నది.

నేను ఆమెను క్షమాపణ కోరాను. మరుసటి ఆదివారం ఆ వలయాన్ని నా చేతులతోనే పీఠం ముందు పెట్టాను. నా కళ్లు ముద్ర దగ్గరే ఆగిపోయాయి. ఆమె చూపించింది ఒక మనిషి వీపును, ముప్పై ఏళ్ల చెమటను.

కనుక ఈ ఏడు మీ ఇంట్లోనూ వలయం చేయండి. పాత బియ్యపు సంచిని ఉతికి ఆరబెట్టండి. రెండు వేళ్ల వెడల్పున పేలికలు కోసి, వెదురు బద్దను గుండ్రంగా వంచి దానికి చుట్టండి. సరుగుడు, వేప, మామిడి, ఏది దొరికితే ఆ రెమ్మలు దూర్చండి. పిల్లల చేత చేయించండి. కుట్లు వంకరైతే కానివ్వండి. అయితే గోనెకు నిప్పు త్వరగా అంటుకుంటుంది. కొవ్వొత్తులను మట్టి ప్రమిదలలో, గోనెకు దూరంగా నడిమధ్యన నిలపండి. కుటుంబ ప్రార్థన ముగియగానే ఆర్పివేయండి.

అంతటితో సరిపోతుందా? గోనె పరచుకొని తలవంచుకున్నంత మాత్రాన అది ఉపవాసం కాదనీ, ఆకలిగొన్నవానికి మన అన్నంలో పాలు పంచాలనీ యెషయా ప్రవక్త నోట ప్రభువు హెచ్చరించాడు (యెషయా 58:5-7). గోడకు గోనె తగిలించి, గోనె మోసే మనిషికి కూలి తగ్గించి ఇస్తే, ఆ అలంకారం మనకే సాక్ష్యమై నిలుస్తుంది. అందుకే ప్రతి కొవ్వొత్తితో పాటు ఒక పని పెట్టుకోండి. ఒక వారం బాకీ ఉన్న కూలి చెల్లించండి. ఒక వారం మాటలు మానేసిన అన్నదమ్ముని గుమ్మం తొక్కండి. ఒక వారం మంచాన ఉన్నవారిని చూచి రండి. ఒక వారం కుటుంబమంతా పాపసంకీర్తనం చేయండి.

బూడిదకు బదులు పూలదండ ఇస్తానని అదే ప్రవక్త ద్వారా ప్రభువు వాగ్దానం చేశాడు (యెషయా 61:3). గోనెను దండగా మార్చేది ఆయనే. ఆ బాలయేసు మీ గృహాలను దీవించును గాక. ఆమెన్.