రసాస్వాదము – సోపానమా? విఘ్నమా?

మానవుడు ఆనందము లేక జీవింపజాలడు. అన్నవస్త్రములు సమకూడిన పిదపను అతని మనస్సు ఇంకేదో కోరుచునే యుండును. పనినుండి ఇల్లు చేరినవాడు ఒక పాట వినును. సెలవునాడు ఒక చలనచిత్రము చూచును. యాత్రకు పోయినచోట ఒక శిల్పము నెదుట నిలిచిపోవును. చేతనున్న ఫోనులో, తానిదివరకెన్నడును వినని పాతపాటయొకటి కానవచ్చినచో బాలునివలె సంతసించి, వెంటనే దానిని మిత్రులకు పంపును. ఈ ఉత్సాహములు చిన్నవి. వీనివలన నెవరికిని హాని కలుగుచున్నట్లు కనబడదు. అయినను సాధన చేయగోరు గృహస్థుని మనస్సున ఒక సందేహము అప్పుడప్పుడు పొడసూపుచుండును: ఈ ఆనందము తన్ను భగవంతుని వైపునకు కొనిపోవుచున్నదా? లేక త్రోవలోనే కూర్చుండబెట్టుచున్నదా?

ఈ సందేహమునకు శాస్త్రములలో సమాధానము వెదకువానికి మొదట విస్మయము కలుగును. సాహిత్యదర్పణమును రచించిన విశ్వనాథుడు రసాస్వాదమును బ్రహ్మాస్వాదమునకు తోబుట్టువుగా వర్ణించెను. వేదాంతసారమును రచించిన సదానందుడో, నిర్వికల్పసమాధికి కలుగు విఘ్నములు నాలుగింటిని పేర్కొనుచు, వానిలో కడపటిదానికి రసాస్వాదమనియే పేరిడెను. మనస్సు నిద్రలో మునుగుట లయము; ఇతర విషయములపైకి పరుగిడుట విక్షేపము; లోనున్న వాసనలచే మొద్దువారి నిలిచిపోవుట కషాయము; అఖండవస్తువును చేరకముందే, నడుమ లభించిన ఆనందమును చవిచూచుచు అక్కడనే తృప్తిచెందుట రసాస్వాదము. ఒకే పదము. ఒక శాస్త్రమున అది బ్రహ్మానందమునకు సోదరము; వేరొక శాస్త్రమున బ్రహ్మానందమునకు అడ్డుగోడ. ఈ రెండును ఎట్లు పొసగును?

ఈ రెండుమాటలలో తమకు నచ్చిన యొకదానిని మాత్రమే గ్రహించువారు పెక్కురు. కొందరు పెద్దలు సినిమాయు, సంగీతమును, చిత్రకళయు అన్నియు మాయయే యని త్రోసివేసి, ఇంటిలోని పిల్లలు పాట వినినను కోపగింతురు. వీరికి గీతయందలి ద్వితీయాధ్యాయమే బదులు చెప్పుచున్నది. ఇంద్రియములకు ఆహారము పెట్టనివానినుండి విషయములు తొలగిపోవును గాని వానిమీది రుచి తొలగదనియు, పరతత్త్వమును దర్శించినప్పుడే ఆ రుచియు నశించుననియు భగవానుడు హెచ్చరించెను. అచ్చట రుచి యను నర్థమున వాడబడినదియు రసమను పదమే. సినిమా చూడకున్నంతమాత్రమున రుచి చావదు. నేను చూడనివాడనను గర్వములో అది మరియొక రూపమున దాగియుండవచ్చును.

మరికొందరు కళయే యోగమనియు, రసికునకు వేరొక సాధనతో పనిలేదనియు పలికి, తమ అభిరుచికి వేదాంతపు ముసుగు వేయుదురు. వీరు త్యాగరాజస్వామిని స్మరింపవలెను. 1767 నుండి 1847 వరకు జీవించి, తిరువయ్యారున తెలుగు కృతులను వెలయించిన ఆ మహనీయుడు నాదమును ఎవరికంటెను తక్కువగా ప్రేమింపలేదు. అయినను భక్తితో కూడని సంగీతవిద్య మనుజుని మంచిత్రోవ నడపజాలదని ఆయన బోధించెను. సంగీతమును నిందించుటకు ఆయన ఈ మాట చెప్పలేదు. దాని పరమప్రయోజనము నెరిగి చెప్పెను.

ఆలంకారికులు రసమనగా నేమనిరో కొంచెము నిదానించి చూచినచో చిక్కు విడిపోవును. హరిశ్చంద్ర నాటకమున కాటిసీమలో, కుమారుని శవమును ఒడినిడుకొని చంద్రమతి విలపించును. చూచువాని కన్నులు చెమ్మగిల్లును. ఆ దుఃఖము ఎవరిది? తనది కాదు. పొరుగువానిది కాదు. ఎదుట నిలిచిన నటునిది యంతకంటెను కాదు. 'నాది', 'వానిది' యను గుర్తులు తొలగి, దుఃఖము సర్వసాధారణమైన దుఃఖముగా అనుభవమునకు వచ్చుచున్నది. భట్టనాయకుడు దీనినే సాధారణీకరణమనెను. అందువలననే దుఃఖమైనను అది మనస్సును కుంగదీయక కరగించును. కాశ్మీరమున వెలసిన అభినవగుప్తుడు మరియొక యడుగు ముందుకు వేసెను. రసానుభవమునకు విఘ్నములు ఏడు కలవనియు, వానిలో నొకటి ప్రేక్షకుడు తన సుఖదుఃఖములకు తాను వశుడై యుండుటయనియు ఆయన చెప్పెను.

ఈ మాట మిక్కిలి ముఖ్యమైనది. రసమును కొనియాడిన శాస్త్రమే, ప్రేక్షకుడు తన సుఖమును పట్టుకొని కూర్చున్నచో రసము పుట్టదనుచున్నది. వేదాంతసారము చెప్పినదియు దీనికి దూరము కాదు. 'నేను ఆనందించుచున్నాను' అని లోపల నొకడు కూర్చుండి రుచిచూచుచున్నంతవరకు అఖండత్వము లేదు. కావున రెండుశాస్త్రములును పోరాడుటలేదు. అహంకారము సడలినచోట ఆస్వాదము సోదరము. అహంకారము ఆసనము వేసికొన్నచోట ఆ ఆస్వాదమే విఘ్నము. దోషము పాటలో లేదు, చిత్రములో లేదు. అనుభవించువాని నిలుకడలో నున్నది.

హరిశ్చంద్రుని కథయే దీనికి చక్కని సాక్ష్యము. తెలుగునాట పద్యనాటకములు వెలిగిన దినములలో, కాటిసీమ ఘట్టమున నటుడు పద్యమును రాగమెత్తి ముగించిన వెంటనే సభలోనుండి 'వన్సుమోర్' అను కేకలు లేచుచుండెడివి. నటుడు శోకమును నిలిపి, మరల అదే పద్యమును మొదటినుండి యెత్తుకొనెడివాడు. కేకలు వేసినవారిని తూలనాడుట తగదు. వారి ప్రేమ నిజమైనదే. కాని ఆ క్షణమున హరిశ్చంద్రుడెక్కడ? చంద్రమతి యెక్కడ? కరగిన హృదయము మాయమై, మరియొక ముద్ద కోరు నాలుక మాత్రము మిగిలినది.

అదే హరిశ్చంద్ర నాటకమును కాఠియావాడలో ఒక బాలుడు చూచెను. ఎన్నిమార్లు చూచినను అతనికి తనివి తీరలేదు. నాటకము ముగిసిన తరువాత అతడు దానిని తనలో తాను లెక్కలేనన్నిమార్లు ఆడుకొనెను. అందరును హరిశ్చంద్రునివలె సత్యవంతులు ఏల కాకూడదని రేయింబవళ్లు ప్రశ్నించుకొనెను. ఆ బాలుడే మహాత్మాగాంధి. తన ఆత్మకథలో ఆయన ఈ సంగతిని చెప్పికొనెను. మరల చూడవలెనను కోరిక ఇచ్చటను ఉన్నది. వన్సుమోర్ అన్నవారియందును ఉన్నది. భేదమెక్కడ? ఒకచోట కోరిక రుచిని అడిగినది. వేరొకచోట కోరిక చూచువానినే ప్రశ్నించినది.

ఉత్సాహమునకు వెలయు గలదని తెలుపు ఉదాహరణము ఇంకొకటి కలదు. 1910 ప్రాంతమున బొంబాయిలో దాదాసాహెబు ఫాల్కే క్రీస్తు జీవితమును గూర్చిన చలనచిత్రము చూచెను. తెరపై ఆ కథ నడచుచుండగా ఆయన మనోనేత్రమునకు కృష్ణుడును రాముడును గోచరించిరి. నాటినుండి ఆయనకు వేరు ధ్యాస లేకపోయెను. విడువక చిత్రములు చూచి చూచి, కొంతకాలము చూపు కోల్పోయెను. చికిత్సవలన అది మరల వచ్చెను. కుండలో విత్తు నాటి, మొలక పెరుగుటను దినదినమును కొంచెము కొంచెముగా చిత్రించి, నెలకు పైబడిన పెరుగుదలను నిమిషమాత్రమున చూపెను. 1912లో లండనుకు పోయి యంత్రములు తెచ్చెను. 1913 మే 3వ తేదీన 'రాజా హరిశ్చంద్ర' బొంబాయిలోని కారొనేషన్ సినిమాలో ప్రదర్శితమయ్యెను. ఈ ఉత్సాహము భోగము కాదు, తపస్సు. కాని ఆ తపస్సులో సగపాలు ఆయన భార్య సరస్వతీబాయిది. ఆమె తన నగలనిచ్చెను, ఫిల్మునకు రంధ్రములు వేయుట నేర్చెను, పనివారందరికి వండిపెట్టెను. ఒకరి ఉత్సాహమునకు ఇంటిలో మరియొకరు వెల చెల్లించుచుందురని ఉత్సాహవంతులు మరువరాదు.

సంగీతమున మరియొక నిదర్శనము కలదు. గోవాలోని కేరీ గ్రామమున 1892లో జన్మించిన కేసర్‌బాయి కేర్కర్, 1921 మొదలు ఉస్తాదు అల్లాదియాఖాన్ సన్నిధిని కఠినమైన శిక్షణ పొందెను. 1930 ప్రాంతమున సభలలో పాడుట కారంభించిన పిదపను, 1946లో గురువు మరణించువరకు నేర్చుకొనుట మానలేదు. 1977లో అమెరికావారు వాయేజరు నౌకలను అంతరిక్షమునకు పంపునప్పుడు, భూలోకపు ధ్వనులను పొందుపరచిన బంగారుపూత రికార్డులో ఆమె పాడిన భైరవిని చేర్చిరి. ఆ రికార్డు అప్పటికే బజారున దొరకుటలేదు. వెదకగా వెదకగా న్యూయార్కు నగరమున ఒక భారతీయ కుటుంబము నడుపు దుకాణములో దాని ప్రతులు కనబడెను. ఆ సెప్టెంబరు 5వ తేదీన మొదటి వాయేజరు బయలుదేరెను. అదే నెల 16వ తేదీన కేసర్‌బాయి కన్నుమూసెను. ఆ గానము మూడున్నర నిమిషములది. దాని వెనుక పాతికసంవత్సరముల శిష్యరికము గలదు.

నేడు ఆ భైరవిని వినుటకు ఏ దుకాణమును వెదకనక్కరలేదు. ఫోనుపై వ్రేలు మోపిన చాలును. ఇది శాపము కాదు, గొప్ప వరము. పల్లెలోని పేదవిద్యార్థియు ఒకనాడు సంస్థానములకే పరిమితమైన గానమును వినగలుగుచున్నాడు. కాని ఆ యంత్రమునకు ఒక స్వభావము గలదు. చూచువాని చూపు దేనిపై నిలిచినదో లెక్కించి, ఒకటి ముగియునంతలో అట్టిదే మరియొకటి ముందుంచును. వన్సుమోర్ అని కేక వేయవలసిన పనియు లేదు. అడుగకయే వడ్డించు ఆ చేతికి, చాలునని చెప్పువాడు చూచువాడొక్కడే.

ఒక గృహమును పాఠకులు ఊహించుకొనవచ్చును. ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనుష్యుడు ప్రాతఃకాలమున ఫోనులో అరుదైన పాతపాటనొకదానిని కనుగొనెను. ఆయన హృదయము పొంగెను. పల్లవి ముగియకముందే దానిని ఇరువదిమంది మిత్రులకు పంపెను. వారిలో ఎవరు మెచ్చిరో చూచుటలో చరణము గడచిపోయెను. ప్రక్కగదిలోనుండి వృద్ధురాలైన తల్లి పిలిచినది: "ఆ పాట ఎక్కడిదిరా నాయనా? చిన్నప్పుడు మా అమ్మ పాడేది. ఇంకొక్కసారి పెట్టు." "ఉండమ్మా, ఇప్పుడే" అనునంతలో తెరపైకి మరియొకటి వచ్చెను, అదియు అరుదైనదే. మధ్యాహ్నము వరకు పండ్రెండు పాటలు దొరకెను. ఒకటియు పూర్తిగా వినబడలేదు. తల్లి మరల అడుగలేదు.

ఆయన దుర్వ్యసనపరుడు కాడు. ఆయన అభిరుచి ఉత్తమమైనది. కాని పాటవలన మెత్తబడవలసిన హృదయము పాటను దొరకించుకొన్నానను తృప్తితో నిండిపోయెను. రసము ఆయనను తల్లియొద్దకు కొనిపోవుటకు వచ్చినది. ఆయన దానిని నిధివలె లెక్కపెట్టి దాచెను.

సాధకునకు పరీక్ష ఇచ్చటనే గలదు. పాట బాగున్నదా లేదా యనునది రసికుల పరీక్ష. పాట ముగిసిన మరుక్షణమున మనస్సేమి చేయుచున్నదనునది సాధకుని పరీక్ష. చేయి మరియొకదానికై సాగుచున్నచో అది తృష్ణ. నోరు దానిని కనుగొన్న తన గొప్పను చెప్పుకొనగోరుచున్నచో అది అహంకారము. కొంతసేపు మాట రాక, ఎదుటనున్నవారిపై దయయు, తన కొరతలపై సిగ్గును, చెప్పరాని శాంతియు కలిగినచో అది ఆ సోదరసంబంధమైన ఆస్వాదమే. ఆ శాంతినుండి ధ్యానమునకు ఒక్క యడుగే దూరము. ఆ యడుగు వేయక అక్కడనే కూర్చున్నచో మాత్రము వేదాంతసారము చేసిన హెచ్చరిక వర్తించును.

కావున ఉత్సాహమును చంపుకొననక్కరలేదు. దినమునకు ఒక్క పాటనైనను చివరివరకు వినవలెను. చిత్రము చూచిన రాత్రి దానిని గూర్చి వాదించుటకు ముందు కొన్నినిమిషములు మౌనముగా నుండవలెను. దొరకిన మంచిదానిని దూరపు మిత్రులకు పంపుటకు ముందు, ఇంటిలోనున్నవారితో కలసి అనుభవింపవలెను. ఇవి స్వల్పములుగా తోచును గాని, ఆచరించి చూచినవారికి వీని కష్టము తెలియును.

ఆ పెద్దమనుష్యుడును సాయంకాలమున ఆ మొదటిపాటను మరల వెదకి, తల్లి మంచముకడ కూర్చుండి వినిపింపవచ్చును. ఆమె రెండవచరణమున గొంతు కలుపవచ్చును. పాట ఆగిన తరువాత ఇరువురును కొంతసేపు పలుకకుండవచ్చును. ఆ నిశ్శబ్దమున 'నాకు దొరకినది' అను తలంపునకు చోటుండదు. రసము అచ్చట సోపానమగును.