గుడారాలు కుట్టేవారి ఇల్లు



దైవసేవ అనగానే మనకు దేవాలయమే గుర్తుకొస్తుంది. అపోస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ఒక మామూలు ఇల్లు కనిపిస్తుంది. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుండి వెళ్లగొట్టగా కొరింతు చేరిన భార్యాభర్తలు అక్విలా, ప్రిస్కిల్లాలది ఆ ఇల్లు. గుడారాలు కుట్టి బతికేవారు. అదే వృత్తి తెలిసిన పౌలుగారు వారింటనే ఉండి, వారితో కలిసి పనిచేశారు.

తరువాత ఎఫెసులో అపొల్లో బోధను ఈ దంపతులు విన్నారు. అతడు మంచి వక్త, లేఖనాలు తెలిసినవాడు. అయితే యోహాను జ్ఞానస్నానం ఒక్కటే ఎరుగును. వారు నలుగురిలో అతని లోపం ఎంచలేదు. ముందు విన్నారు, తమవెంట తీసుకొనిపోయి దేవుని మార్గాన్ని ఇంకా చక్కగా వివరించారు. ఆ అపొల్లోయే అకయలోని విశ్వాసులకు ఎంతో తోడ్పడ్డాడు.

ప్రతి ఇల్లూ చిన్న శ్రీసభ కాగలదని, 2007 ఫిబ్రవరి 7న ఈ దంపతులను గురించి బోధిస్తూ పదహారవ బెనెడిక్టు పోపుగారు చెప్పారు.

పిల్లలు దూరమై ఇల్లు బోసిపోయిందని బాధపడే పెద్దలారా! చదువులకూ ఉద్యోగాలకూ వచ్చి అద్దెగదుల్లో ఉంటున్న యువతీయువకులు మన విచారణలోనూ ఉన్నారు. వారు పూజకు రాకుంటే "ఈ కాలం పిల్లలింతే" అంటాం. ఒక్కరినైనా భోజనానికి పిలిచామా? వారి గోడు చివరిదాకా విన్నామా?

ఈ ఆదివారం పూజ ముగిశాక ఒకరిని ఇంటికి పిలవండి. అన్నం పెట్టండి. ముందు వినండి, చెప్పవలసిన మాట ప్రభువే అందిస్తారు. ఆమెన్.