ఉద్దీపన, ఆలంబన: అతిసున్నితత్వంపై ఒక నైతిక విచారణ

ఉపోద్ఘాతం

మెత్తని మనసు గలవారిని గురించి తెలుగు వ్యవహారంలో రెండు రకాల తీర్పులు వినిపిస్తాయి. ఎదుటివారి కష్టానికి కరిగిపోయే మనిషిని వెన్నలాంటి మనసని మెచ్చుకుంటారు. ఆ మనిషే చిన్న మాటకు నొచ్చుకున్నప్పుడు, సందడిలో నిలవలేక పక్కకు తప్పుకున్నప్పుడు అత్తిపత్తి అని ఎగతాళి చేస్తారు. గుండె రాయి చేసుకొమ్మని హితవు చెబుతారు. ఈ మెప్పూ ఈ మందలింపూ ఒకే గుణానికి సంబంధించినవేనా అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వస్తుంది.

గత మూడు దశాబ్దాలలో మనోవిజ్ఞానం ఈ స్వభావానికి ఒక పేరు పెట్టి కొలవడం మొదలుపెట్టింది. ఆ స్వభావం గలవారు అలసిపోకుండా, ఆరోగ్యంగా జీవించడానికి తోడ్పడతామంటూ హెల్త్ కోచింగ్ అనే సహాయవృత్తి ముందుకు వచ్చింది. అతిగా స్పందించే మనిషికి ఊరట కలిగించడం మంచిపనే. అయితే ఆ స్పందన మరొక మనిషి బాధను గురించినదైనప్పుడు, దాన్ని తగ్గించుకోవలసిన భారంగా లెక్కించడం న్యాయమేనా? ఈ ప్రశ్నను పరిశీలించడానికి అలంకారశాస్త్రం చేసిన ఉద్దీపన, ఆలంబన విభాగం ఎలా ఉపకరిస్తుందో చూపడం ఈ వ్యాస లక్ష్యం.

అతిసున్నితత్వం: భావన, కొలత

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎలైన్ ఆరన్ 1996లో ‘ది హైలీ సెన్సిటివ్ పర్సన్’ అనే గ్రంథం ప్రకటించారు. మరుసటి ఏడాది ఆర్థర్ ఆరన్‌తో కలిసి వెలువరించిన పరిశోధన పత్రంలో 27 అంశాల కొలమానాన్ని ప్రతిపాదించారు. ఆమె దృష్టిలో ఇది రోగం కాదు, స్వభావభేదం. ఎదురైన విషయాన్ని లోతుగా ఆలోచించడం, ఇంద్రియాలకు తాకిడి ఎక్కువైతే త్వరగా అలసిపోవడం, ఉద్వేగాలకూ ఇతరుల మనఃస్థితికీ గాఢంగా స్పందించడం, ఇతరులు గమనించని సూక్ష్మభేదాలను పసిగట్టడం దీని లక్షణాలు. జనాభాలో 15 నుంచి 20 శాతం మంది ఇలాంటివారని ఆమె తొలి అంచనా. 2018లో లియొనెట్టి, సహపరిశోధకులు ప్రకటించిన అధ్యయనం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అనే మూడు వర్గాలను గుర్తించింది. అందులో ఎక్కువ సున్నితత్వం గలవారు 31 శాతం, మధ్యస్థులు 40 శాతం, తక్కువ గలవారు 29 శాతం.

ఈ కొలమానం అంతటా ఒకే గుణాన్ని కొలుస్తున్నదా అన్నది వివాదాంశం. 2006లో స్మోలెవ్స్కా, సహరచయితలు దీనిలో మూడు పాయలను వేరుచేసి చూపారు. మొదటిది త్వరగా ఉక్కిరిబిక్కిరి కావడం. రెండవది వెలుగు, చప్పుడు వంటివాటిని ఎక్కువసేపు ఓర్చుకోలేకపోవడం. మూడవది కళలకూ సూక్ష్మ సౌందర్యానికీ చలించడం. మొదటి రెండూ ఆందోళన పడే స్వభావంతో ముడిపడి కనిపించగా, మూడవది కొత్త అనుభవాలకు మనసు విప్పి ఉంచే స్వభావంతో ముడిపడింది. ఒకే పేరు కింద భిన్నమైన గుణాలు చేరాయన్న అనుమానానికి మనోవిజ్ఞానంలోనే ఆధారం ఉన్నదన్నమాట.

హెల్త్ కోచింగ్: పద్ధతి, హద్దు

హెల్త్ కోచ్ రోగ నిర్ధారణ చేయడు, మందు రాయడు, చికిత్స చేయడు. ఎదుటివ్యక్తి తన లక్ష్యాన్ని తానే చెప్పుకొనేలా ప్రశ్నిస్తాడు. నిద్ర, ఆహారం, నడక, విశ్రాంతి వంటి విషయాలలో చిన్న మార్పులను ఎంచుకోవడానికి తోడ్పడతాడు. తరువాతి సమావేశంలో వాటి ఫలితాన్ని కలిసి సమీక్షిస్తాడు. ఈ పద్ధతికి ఒక ముఖ్యమైన మూలం మద్యపాన సమస్య ఉన్నవారితో పనిచేసిన విలియం మిల్లర్ 1983లో వివరించిన సంభాషణ విధానం. ఉపదేశం చేస్తే మనిషి ఎదురు తిరుగుతాడని, తన మాటల్లోనే మార్పుకు కారణం చెప్పుకొంటే నిలబడతాడని దాని సారం. అమెరికాలో ఈ వృత్తికి జాతీయ స్థాయి ధ్రువీకరణ పరీక్ష 2017లో మొదలైంది. భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. కోచ్‌లకు ఆ నమోదు లేదు.

అతిసున్నిత స్వభావులకు ఈ తోడ్పాటు వృథా కాదు. సున్నితత్వం గలవారు చెడు పరిసరాల్లో ఎక్కువగా దెబ్బతిన్నట్టే మంచి పరిసరాల్లో ఎక్కువగా వికసిస్తారని జే బెల్‌స్కీ, మైకేల్ ప్లూయెస్ వాదించారు. 2015లో ప్లూయెస్, బోనివెల్ ప్రకటించిన అధ్యయనంలో, కుంగుబాటు నివారణకు పాఠశాలలో నిర్వహించిన కార్యక్రమం వల్ల మేలు కనిపించింది సున్నితత్వం ఎక్కువగా ఉన్న బాలికలలోనే. కాబట్టి తోడ్పాటు అవసరమా అన్నది ఇక్కడి ప్రశ్న కాదు. ఆ తోడ్పాటు దేనిని సమస్యగా గుర్తిస్తుందన్నదే ప్రశ్న.

ఒక పదం, రెండు శాస్త్రాలు

తెలుగు మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాలు ఇంద్రియాన్ని తాకి చర్య పుట్టించేదానిని ‘ఉద్దీపన’ అంటాయి. పుట్టిన చర్యను ‘ప్రతిస్పందన’ అంటాయి. ఉద్దీపన అలంకారశాస్త్రంలో ముందునుంచీ ఉన్న మాట. అక్కడ దానికి జంటగా ఆలంబన ఉంది. భావం ఎవరిని ఆశ్రయంగా చేసుకొని పుడుతుందో ఆ వ్యక్తి ఆలంబన విభావం; పుట్టిన భావాన్ని ప్రజ్వలింపజేసే పరిస్థితులు ఉద్దీపన విభావాలు. శృంగారానికి నాయికానాయకులు ఆలంబనం. వెన్నెల, ఉద్యానం, మలయమారుతం ఉద్దీపనలు. కరుణానికి మరణించిన ఆప్తుడో ఆపదలో పడినవాడో ఆలంబనం. అతని వస్తువులు, అతని జ్ఞాపకాలు ఉద్దీపనలు. కొత్త శాస్త్రం ఈ జంటలో ఒక పదాన్ని తీసుకొని రెండవదాన్ని వదిలివేసింది. పారిభాషిక పదాల కల్పనలో ఇది సహజమే. అయినా ఆ వదిలివేతకు నైతిక పర్యవసానం ఉంది.

ఆలంబన లేని పరిభాషలో లోకమంతా ఉద్దీపనల సముదాయమే. ట్యూబులైటు వెలుగు ఒక ఉద్దీపన. పెళ్లిపందిట్లో మైకు హోరు ఒక ఉద్దీపన. పక్కింట్లో దెబ్బలు తింటున్న స్త్రీ ఏడుపు కూడా ఒక ఉద్దీపనే. మూడింటికీ గుండె దడ ఒకేలా ఉండవచ్చు, నిద్ర ఒకేలా చెడవచ్చు. శరీరం వరకే చూస్తే మూడింటికీ ఒకే సలహా సరిపోతుంది: దూరం జరగడం, చెవులు మూసుకోవడం, ఊపిరి నెమ్మదిగా పీల్చడం. మొదటి రెండు సందర్భాల్లో ఆ సలహా పూర్తి పరిష్కారం. మూడవదానిలో అది పరిష్కారం కాదు. ఎందుకంటే ఆ ఏడుపు విన్నవారి మీద ఏడుస్తున్న మనిషికి ఒక హక్కు ఉంది. ఉద్దీపనను తగ్గించుకుంటే ఎవరికీ అన్యాయం జరగదు. ఆలంబనను ఉద్దీపనగా మార్చి తగ్గించుకుంటే ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధాన భేదం ఇదే.

దీనికి శాస్త్రజ్ఞులు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. లోకంలో కారణాలు, కార్యాలే ఉంటాయి; అవి కావ్యంలో ప్రవేశించినప్పుడే విభావాలు, అనుభావాలు అవుతాయని మమ్మటుడు స్పష్టం చేశాడు గదా, కావ్యపరిభాషను లోకజీవితానికి అన్వయించడం ఎలా చెల్లుతుంది? ఇక్కడ రసనిష్పత్తిని లోకవృత్తానికి ఆరోపించడం లేదు. భావం ఎవరిని గురించి, దేనివల్ల అన్న రెండు ప్రశ్నలు వేరన్న వివేచనను మాత్రమే తీసుకోవడం జరిగింది. మమ్మటుడి లెక్క ప్రకారం లోకంలోని కారణాలే కావ్యంలో విభావాలు కనుక, ఆ భేదం లోకంలోనూ ఉన్నదే.

శోకం ఎవరిది?

సున్నిత హృదయానికి ఈ సంప్రదాయంలో మూలదృష్టాంతం తమసాతీరంలోని వాల్మీకి. జంటలో ఒక పక్షి కూలడం, రెండవది ఆక్రోశించడం చూసిన ముని నోట శోకమే శ్లోకమైందని ఆనందవర్ధనుడు కావ్యాత్మను నిరూపించడానికి ఈ ఘట్టాన్నే ఉదాహరించాడు. దానిపై అభినవగుప్తుడు ‘లోచనం’లో చేసిన హెచ్చరిక ఈ చర్చకు ముఖ్యమైనది. ఆ శోకాన్ని ముని సొంత శోకంగా భావించరాదని, ముని ఆ దుఃఖంతో తానే పీడితుడైతే అది కావ్యాత్మ అయ్యే అవకాశం ఉండదని ఆయన అభిప్రాయం. హృదయసంవాదం వల్ల, తన్మయీభావం వల్ల ఆస్వాదయోగ్యమైన శోకం నిండుకుండ పొర్లినట్టు వెలువడిందని ఆయన వివరణ.

పీడితుడు కావడమూ హృదయసంవాదమూ వేరన్న ఈ వివేచనకు దగ్గరగా ఆధునిక మనోవిజ్ఞానంలోనూ ఒక భేదం ఉంది. డేనియల్ బాట్సన్ పరిశోధనలు ఇతరుల బాధ చూసి తాను కలతపడడాన్నీ, ఆ బాధపడేవారి పట్ల ఆర్తి కలగడాన్నీ వేరుచేశాయి. తప్పుకొనే దారి సులభంగా ఉంటే, మొదటి రకం స్పందన గలవారు ఎక్కువగా తప్పుకుంటారు. రెండవ రకం గలవారు ఆ దారి ఉన్నా సాయానికి పూనుకుంటారు. ఒకరు కావ్యానుభవాన్ని, మరొకరు లోకప్రవర్తనను వివరిస్తున్నారు కనుక రెండు సిద్ధాంతాలూ ఒకటి కావు. అయినా స్పందన తన వైపు తిరిగి ఉందా, ఎదుటివారి వైపు తిరిగి ఉందా అన్నదే రెండింటిలోనూ నిర్ణాయకం. వాల్మీకి కథలో ఇంకొక విషయం గమనార్హం. ఆయన మొదటి మాట తన మనసును గురించినది కాదు. వేటగాణ్ణి ఉద్దేశించిన తీర్పు. చలించిన హృదయం చూసినదానిలో అధర్మాన్ని గుర్తించింది.

ప్రేక్షకుల కన్నీరు

ఆలంబనను వదిలివేయడం కోచింగ్ పరిభాషకే పరిమితమైన దోషం కాదు. సాహిత్య సహృదయతలోనూ ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’ ప్రదర్శనల్లో కాటిసీనుకు తెలుగు ప్రేక్షకులు తరతరాలుగా కన్నీరు పెట్టారు. ఆ సీనులో పాడే ప్రసిద్ధ శ్మశానవాటి పద్యాలు గుర్రం జాషువావి. చండాలుని కొలువులో కాటికాపరిగా నిలిచిన రాజు దుఃఖానికి కరిగిన సమాజంలోనే, నిజంగా కాటికాపరి వృత్తి చేసే కులాలవారు ఊరి బయట ఉన్నారు. తన కవిత్వాన్ని మెచ్చి, కులం తెలియగానే లేచిపోయే రసికులను జాషువా స్వయంగా పద్యంలో చిత్రించాడు. ఆ రసికులకు సున్నితత్వం కొరవడిందనలేం. పద్యానికి వారు నిజంగానే చలించారు. ఎదురుగా నిలిచిన మనిషి మాత్రం వారి భావానికి ఆలంబనం కాలేకపోయాడు. సున్నితత్వం తనంత తానుగా నైతిక గుణం కాదని, దాని పరిమాణం ఎంత ఉన్నా అది ఎవరిదాకా చేరుతుందన్నదే విలువను నిర్ణయిస్తుందని ఈ దృష్టాంతం చెబుతుంది.

‘గబ్బిలం’ (1941) ఈ విషయాన్ని అవతలి వైపునుంచి చూపుతుంది. అందులో నాయకుడు ఆకలితో, అవమానంతో వేగిపోతూ కాశీలోని శివుడికి గబ్బిలం ద్వారా తన మొర పంపుకొంటాడు. అతని వేదనను స్వభావంలోని అతిస్పందనగా చదివితే, అతనికి కావలసింది విశ్రాంతి, నిద్ర అని తేలుతుంది. కావ్యం అతని వేదనకు కారణాన్ని అతని నరాలలో కాక ఊరి కట్టడిలో చూపుతుంది. అవమానానికి గురైనవారిని ‘మరీ సున్నితం’ అనడం అవమానించినవారిని విచారణనుంచి తప్పించే మార్గం కావచ్చునన్న ఎరుక ఇక్కడ కలుగుతుంది.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదం బాధపడే సున్నిత మనిషి మీద లోకభారమంతా మోపుతున్నదని ఒక ఆక్షేపణ రావచ్చు. నిద్రలేక, అలసి ఉన్నవారికి నీ బాధ పవిత్రమని చెప్పడం క్రూరత్వమే. ఆ ఆక్షేపణ సరైనది. అందుకే ఉద్దీపనల తాకిడి తగ్గించే తోడ్పాటును ఈ వ్యాసం సమర్థిస్తున్నది. అభినవగుప్తుని వివరణ ప్రకారం కూడా దుఃఖంలో మునిగిపోయిన హృదయం ఎదుటివారి శోకాన్ని నిలుపుకోలేదు. విశ్రాంతి ఆలంబనను మరవడానికి కాక, దాన్ని నిలుపుకోవడానికి అవసరం. చేయగలిగినదానికి హద్దు ఉండడం వేరు, చేయవలసినది లేదనుకోవడం వేరు.

సున్నిత హృదయం చూసిందంతా నిజమేనా అన్నది రెండవ ఆక్షేపణ. కాదు. లేని తిరస్కారాన్ని ఊహించి నొచ్చుకోవడం కూడా సున్నితత్వంలో భాగమే. ఆలంబన ఉన్నదని అంగీకరించినప్పుడే ఆ పొరపాటును పరీక్షించడం సాధ్యం. భావం ఎవరినో, దేనినో గురించినదైతే అది సరైనదా కాదా అని అడగవచ్చు. వట్టి ప్రతిస్పందన అయితే ఆ ప్రశ్నకే తావు లేదు, ఎక్కువ తక్కువలు మాత్రమే మిగులుతాయి.

ముగింపు

అతిసున్నితత్వాన్ని లోపం కాని స్వభావంగా గుర్తించడం మనోవిజ్ఞానం చేసిన మేలు. ఆ స్వభావం గలవారికి దినచర్యలో తోడుగా నిలవడం హెల్త్ కోచింగ్ చేయగల మేలు. ఎదుటివ్యక్తి మాటలనే ఆధారం చేసుకొనే పద్ధతి కనుక దానిలో ఆలంబనకు చోటు కల్పించడం కష్టం కాదు. ఎంత అలసట, ఎప్పుడు తగ్గుతుంది అన్న ప్రశ్నలతో పాటు, ఆ బాధ ఎవరిని గురించినది అన్న ప్రశ్న కూడా అడగాలి. జవాబు వెలుగో చప్పుడో అయితే పని అక్కడే ముగుస్తుంది. జవాబు ఒక మనిషి అయితే, ఊరట కలిగిన తరువాత కూడా కొంత పని మిగిలి ఉంటుంది. దాన్ని అలసిన ఒక్కరే కాక, ఆ బాధను విననివారు కూడా పంచుకోవలసి ఉంటుంది. తెలుగు మనోవిజ్ఞాన పరిభాష ఉద్దీపనను అలంకారశాస్త్రం నుంచి స్వీకరించింది. సున్నిత హృదయాన్ని గురించిన చర్చలో దాని జంటపదాన్ని కూడా తిరిగి తెచ్చుకోవలసిన అవసరం ఉంది.