జీవియా, నిర్జీవమా?

పొగాకు చేలలో కొన్ని ఆకులు లేత, ముదురు పచ్చని మచ్చలతో పాడగుట మనలో కొందరు చూచియుందురు. ఆ తెగుళ్లలో ఒకదానికి కారణము వైరసు అను అతి సూక్ష్మమైన వస్తువు. 1935లో అమెరికా శాస్త్రజ్ఞుడు వెండెల్ స్టాన్లీ దానిని తెగులు ఆకుల రసమునుండి వేరుచేసి, ఉప్పువలె స్ఫటికములుగా చేసెను. అవి తినవు, ఊపిరి తీయవు, పెరుగవు. అయినను నీట కరగించి మంచి ఆకుపై రుద్దగా తెగులు మరల పుట్టెను. ఇది జీవియా, నిర్జీవమా?

కుండలోని విత్తనమును కదలదు గదా అని కొందరందురు. కాని విత్తనము మొలకను, దాని ఆహారమును తనలోనే దాచుకొనియున్నది. వైరసుకు అట్టిది లేదు. అది చెట్టుయొక్క జీవకణములో చొరబడి, ఆ కణముచేతనే తనవంటివాటిని చేయించుకొనును. అందుచేత అనేకులు దానిని జీవి యనరు. తన సంతతిని పెంచుకొనుచు మార్పు చెందుచున్నది గనుక జీవియే యని మరికొందరందురు.

ఇక్కడ మనము జాగ్రత్తపడవలెను. ఇతరులపై ఆధారపడినది జీవి కాదని తీర్పు చెప్పినచో, చంటిబిడ్డ మాటేమి? మంచము పట్టిన ముసలితల్లి మాటేమి? బిడ్డకు పాలు, తల్లికి ముద్ద మనమే పట్టుదుము. కాని వాటిని రక్తమాంసములుగా మార్చుకొనునది వారి శరీరములే. వైరసు ఆ పని చేయజాలదు. భేదము అక్కడనే యున్నది గాని ఆధారపడుటలో లేదు. వైరసును ఏ పేరున పిలిచినను సరే, ఒకరి చేతిమీద బ్రతుకుచున్నారని ఎవరి ప్రాణమును తక్కువగా ఎంచకుందము.