హఠాత్తుగా కోపం రానివాళ్ల సంగతేమిటి?

భార్యను చంపాడన్న ఆరోపణ ఉన్నవాడి తరఫున ఏ వకీలూ నిలబడకూడదన్న మాట మన సభల్లో తరచూ వినబడుతుంది. ఆ ఆగ్రహం నాకు అర్థమవుతుంది కానీ దానితో ఏకీభవించలేను. బోనులో ఎప్పుడూ మగవాడే ఉండడు. వాదన వినకుండానే శిక్ష వేయడం అలవాటైతే డబ్బూ పలుకుబడీ లేని ఆడవాళ్లు కూడా దానికి బలవుతారు. అందుకే నిందితులకు వాదించుకునే హక్కు ఉండాలా అన్నది నా ప్రశ్న కాదు. ఆ వాదనకు చట్టం ఇచ్చిన భాష ఎవరి అనుభవంలోంచి పుట్టిందన్నదే నా ప్రశ్న.

1860 నాటి భారత శిక్షాస్మృతి 300వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎదుటివాళ్లు తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టడం వల్ల నిగ్రహం కోల్పోయి చంపితే అది హత్య కిందికి రాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోనూ ఈ మినహాయింపు అలాగే కొనసాగింది. ఇందులో 'హఠాత్తుగా' అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. కోపం వచ్చిన క్షణంలోనే చెయ్యి ఎత్తగలిగేది ఎవరు? తిరిగి దెబ్బ పడదన్న ధీమా ఉన్నవాళ్లు. రోజూ దెబ్బలు తినే మనిషి కోపాన్ని దిగమింగుతుంది. ఆమెలో అది భయంతో కలిసి ఏళ్ల తరబడి పేరుకుంటుంది.

నానావతి కేసు మనందరికీ తెలిసిందే. 1959లో బొంబాయిలో భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన ఆ నౌకాదళ అధికారిని జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. మధ్యలో దాదాపు మూడు గంటలు గడిచాయి కనుక నిగ్రహం తెచ్చుకునే వ్యవధి ఉందని 1961లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. 1964లో క్షమాభిక్ష వచ్చింది. చట్టం ఒప్పుకోకపోయినా, పరువు పోయిన భర్త కథను అర్థం చేసుకోవడానికి లోకానికి ఏ నిపుణుడి సాక్ష్యమూ అవసరం కాలేదు.

కిరణ్‌జిత్ అహ్లువాలియా కథ అలా కాదు. పంజాబ్ నుంచి ఇంగ్లండ్ వెళ్లిన ఆమె పదేళ్లు భర్త హింస భరించింది. 1989 మే నెలలో ఒక రాత్రి అతను ఇస్త్రీపెట్టెతో ఆమె ముఖం కాల్చాడు. అతను నిద్రపోయాక ఆమె పెట్రోలు పోసి నిప్పంటించింది. అతను నిద్రపోయేదాకా ఆగిన ఆ వ్యవధే కోర్టులో పథకంగా కనిపించింది. యావజ్జీవ శిక్ష పడింది. సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ పోరాటంతో 1992లో ఆ తీర్పు రద్దయింది. కానీ రెచ్చగొట్టారన్న వాదనను అప్పీలు కోర్టు అంగీకరించలేదు. తీవ్రమైన కుంగుబాటు వల్ల ఆమె మానసిక బాధ్యత తగ్గిందన్న వాదనే పనిచేసింది. అంటే ఆమె బయటపడడానికి 'నన్ను హింసించారు' అన్న మాట చాలలేదు, 'నాకు జబ్బు చేసింది' అనాల్సి వచ్చింది. ఆ విజయానికి సంతోషిస్తూనే, దానికి చెల్లించిన ఈ మూల్యాన్ని నేను మరచిపోలేను.

అయితే నిద్రపోతున్న మనిషిని చంపడాన్ని సమర్థిస్తున్నావా అని నన్ను అడగవచ్చు. లేదు. ఒక ప్రాణం పోయింది, అది నేరమే. నేను మాట్లాడుతున్నది ఆ నేరం పేరేమిటి, బరువెంత అన్న విషయం గురించి. మరి 'హఠాత్తుగా' అన్న షరతు తీసేస్తే, ఏళ్లుగా భార్య తనను అవమానించిందని భర్త కూడా వాదించడా? వాదిస్తాడు. ఈ ప్రమాదం నిజమైనదే. అందుకే గీత వేరేచోట గీయాలి. బ్రిటన్ 2009లో చేసిన చట్టంలో నిగ్రహం కోల్పోవడం హఠాత్తుగా జరగాలన్న షరతు లేదు. తీవ్రమైన హింస జరుగుతుందన్న భయాన్ని అది కారణంగా గుర్తించింది. లైంగిక అవిశ్వాసాన్ని మాత్రమే చూపించి ఈ రక్షణ కోరడాన్ని అనుమతించలేదు. పరువుకూ భయానికీ మధ్య ఉన్న నైతిక భేదం అక్కడ చట్టంలోకి ఎక్కింది.

మన దగ్గర 1989లో మద్రాసు హైకోర్టు, 2013లో గౌహతి హైకోర్టు ఏళ్లపాటు సాగిన హింసను కూడా రెచ్చగొట్టడంగానే చూడవచ్చన్నాయి. కానీ అది న్యాయమూర్తుల ఉదారత. చట్టంలోని మాట మారలేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక, కథ ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టే దాని అర్థం మారుతుందని నాకు తెలుసు. నిప్పంటించిన రాత్రి దగ్గర మొదలుపెడితే ఆమె హంతకి. పదేళ్ల వెనక్కి వెళ్లి మొదటి దెబ్బ దగ్గర మొదలుపెడితే ఆమె తప్పించుకోవడానికి దారి దొరకని మనిషి. రెండూ ఒకే కేసులోని నిజాలు. ఆ రెండో కథను కోర్టు ముందు పూర్తిగా చెప్పుకునే హక్కునే నేను డిఫెన్స్ అంటాను.