మా మేనల్లుడి జాబితా

కిందటి నవంబరులో ఒక ఆదివారం మా అక్క కరీంనగర్ నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ డ్రెస్డెన్‌లో ఇంకా తెల్లవారలేదు. మాకు తెల్లవారలేదని తెలిసీ చేసిందంటే ఎవరికో బాగాలేదన్నమాటే. భయపడుతూనే ఎత్తాను.

"తమ్మీ, నువ్వన్న చెప్పురా వానికి. నీ మాటైతె ఇంటడు" అంది.

వాడంటే నా మేనల్లుడు. ఇక్కడి టెక్నికల్ యూనివర్సిటీలో నానో ఎలక్ట్రానిక్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. మూడో సెమిస్టరు. ఈ ఊళ్ళో ఇన్ఫినియాన్, గ్లోబల్ ఫౌండ్రీస్, బాష్ చిప్పులు చేస్తాయి. ఇక్కడికొచ్చే మన పిల్లల్లో చాలామంది ఆ చిప్పుల కోసం వచ్చేవాళ్ళే. వీడు మాత్రం ఆ చదువు వదిలేసి చరిత్ర, తత్వశాస్త్రం చదువుతానని తల్లికి చెప్పాడట. యూనివర్సిటీలో ఫీజు లేకపోయినా, 2024లో వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపించాల్సి వచ్చింది. దానికి అక్క ఊరవతల రెండెకరాలు బ్యాంకులో పెట్టింది.

"ఏందిరా, మామ లెక్క అయితవా అని అడిగిన" అంది అక్క. అన్నాక ఒక్క క్షణం ఆగి, "నిన్ను అననికి కాదురా" అంది.

నన్ను అనడానికే. అందులో తప్పు కూడా లేదు. నేను 1996లో ఉస్మానియాలో ఫిలాసఫీ ఎం.ఏ. పాసయ్యాను. ఎనిమిదేళ్ళు ప్రైవేటు కాలేజీల్లో గంటల లెక్కన పాఠాలు చెప్పి, మా ఆవిడకి ఇక్కడ చిప్పుల కంపెనీలో ఉద్యోగం వస్తే ఆమె వెంట 2004లో వచ్చాను. మొదట ఒక బేకరీలో రాత్రి డ్యూటీ. తర్వాత శిక్షణ తీసుకుని ఒక వృద్ధాశ్రమంలో సహాయకుడిగా చేరాను. ముసలివాళ్ళని లేపడం, స్నానం చేయించడం, తినిపించడం. మా బంధువుల్లో ఎవరి పిల్లవాడైనా ఆర్ట్స్ గ్రూపు అంటే చాలు, నా పేరు మందులా వాడతారు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళుగా తెలుసు.

మర్నాడు సాయంత్రం యూనివర్సిటీ గ్రంథాలయం దగ్గర వాణ్ణి కలిశాను. వాడు తయారై వచ్చాడు. ఫోన్‌లో ఒక జాబితా రాసుకున్నాడు. "ఇది అమ్మకి చూపిద్దామనుకుంటున్న మామా. నువ్వు ఒకసారి చూడు."

ఆర్ట్స్ చదివి పైకొచ్చినవాళ్ళ జాబితా అది. మొదట సి. నారాయణరెడ్డిగారు, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ., 1988 జ్ఞానపీఠం. తర్వాత కె. చంద్రశేఖరరావు, అదే ఉస్మానియా తెలుగు ఎం.ఏ., తెలంగాణకి మొదటి ముఖ్యమంత్రి. పి.వి. నరసింహారావు. ఆ కింద ఇక్కడివాళ్ళు. కాత్యా కిప్పింగ్ ఈ యూనివర్సిటీలోనే స్లావ్ భాషలు, అమెరికా సాహిత్యం చదివి 2012 నుంచి 2021 దాకా 'డీ లింకె' పార్టీకి సహాధ్యక్షురాలిగా ఉంది. ఈ ఊళ్ళో పుట్టిన ఎరిష్ కెస్ట్నర్ సాహిత్యంలో డాక్టరేటు చేసి లోకమంతా చదివిన పిల్లల పుస్తకాలు రాశాడు.

నిజం చెప్పొద్దూ, చదువుతుంటే నాకు ఛాతీ కొంచెం ఉబ్బింది. ఆర్ట్స్ కాలేజీ రాతి మెట్ల మీద కూర్చుని చాయ్ తాగిన రోజులు గుర్తొచ్చాయి. 1939లో తెరిచిన ఆ భవనం ఎవరికైనా, జేబులో బస్సు చార్జీ లేనివాడికి కూడా, తానేదో గొప్ప పనికి పుట్టాననే భ్రమ కలిగిస్తుంది. ఇలాంటి జాబితానే నేను కూడా ఒకసారి మా నాన్నకి చెప్పాను. నా జాబితాలో పేర్లు వేరు, అంతే. నాన్న అంతా విని, "మరి మిగతావాళ్ళు ఏం చేస్తున్నర్రా?" అని అడిగాడు. అప్పట్లో ఆయనకి చదువు విలువ తెలీదనుకున్నాను.

ఆ ప్రశ్నకి ఈనాటికీ నా దగ్గర మంచి జవాబు లేదు. మా ఎం.ఏ. క్లాసులోవాళ్ళలో ఒకతను మండల ఆఫీసులో గుమాస్తా. ఒకామె స్కూలు నడుపుతోంది. ఇద్దరు రియల్ ఎస్టేట్. హాస్టల్‌లో నా గదిలో ఉండి, కాంట్‌ని మా మాస్టార్ల కన్నా బాగా చెప్పగలిగిన ఒకడు ఏమయ్యాడో ఎవరికీ తెలీదు. లాటరీ తగిలినవాళ్ళ ఫోటోలు చూపించి టిక్కెట్టు అమ్మినట్టు ఉంటాయి ఈ జాబితాలు. ఇంజనీరింగ్ చదివేవాడు తల్లికి ప్రసిద్ధ ఇంజనీర్ల పేర్లు వల్లించడు. అక్కర్లేదు వాడికి. మనకే ఎందుకు కావాలి? మనం చదివినదాని మీద మనకే నమ్మకం చాలక, పెద్దవాళ్ళ పేర్లు పూచీకత్తుగా తెచ్చుకుంటున్నాం కాబట్టి.

పైగా ఆ పేర్ల మీద యూనివర్సిటీలకున్న హక్కేమిటో చూడండి. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను వెళ్ళగొడితే, చాలామంది నాగపూర్ వెళ్ళి అక్కడ చదువు పూర్తి చేసుకున్నారు. పి.వి. వాళ్ళలో ఒకరు. గెంటేసినవాళ్ళే ఇప్పుడు మావాడు అంటారు. అందెశ్రీకి అసలు బడి చదువే లేదు. గొర్రెలు కాశాడు, తాపీపని చేశాడు. ఆయన పాట 2024లో తెలంగాణ రాష్ట్రగీతం అయింది. కాకతీయ యూనివర్సిటీ ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అంటే గెలిచినవాడు దగ్గర లేకపోతే పిలిచి మరీ కలుపుకుంటారు.

ఇక ఏ జాబితాలోనూ సరిగా ఇమడనివాళ్ళు ఉంటారు. మహమ్మద్ హమీదుల్లా 1908లో హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఎం.ఏ., ఎల్.ఎల్.బి. చేసి, ఈ జర్మనీకే వచ్చి బాన్‌లో డాక్టరేటు తీసుకుని, తర్వాత సోర్బాన్‌లో ఇంకొకటి తీసుకున్న పండితుడు. ఖురాన్‌ని ఫ్రెంచిలోకి అనువదించాడు. 1948లో హైదరాబాదు సంస్థానం పోయాక తిరిగి రాలేదు. ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోకుండా పారిస్‌లో దశాబ్దాల పాటు ఉండి, 2002లో అమెరికాలో పోయాడు. ఆయన్ని ఏ ఊరి ఖాతాలో వేస్తారు? ప్రవాసులం కాబట్టి ఈ ప్రశ్న మనకి తగలాలి.

ఇవన్నీ వాడికి చెప్పాను. వాడు తెలివైనవాడు. "సరే మామా, పేరు, పదవి వదిలెయ్. ఈ చదువులు మనిషిని మంచోణ్ణి చేస్తయి కద? అది చెప్త" అన్నాడు.

వాణ్ణి ట్రామ్ ఎక్కించి ఆల్బర్ట్‌ప్లాట్జ్ తీసుకెళ్ళాను. అక్కడ గోడ మీద కూర్చున్న కుర్రాడి కంచు బొమ్మ ఉంది. వెనకున్న ఇల్లు కెస్ట్నర్ మ్యూజియం. కెస్ట్నర్ తండ్రి జీనులు కుట్టేవాడు. తల్లి కొడుకు చదువు కోసం జుట్టు దిద్దే పని నేర్చుకుని డబ్బు సంపాదించింది. (అక్క రెండెకరాలు వాడికి గుర్తొస్తాయని నా ఆశ. నేనేం అనలేదు.) కొడుకు లైప్‌జిగ్ వెళ్ళి 1925లో జర్మన్ సాహిత్యంలో డాక్టరేటు తీసుకున్నాడు. 1933 మే 10 రాత్రి బెర్లిన్‌లో నాజీ విద్యార్థులు పుస్తకాలు తగలబెట్టినప్పుడు, తన పేరు చదివి తన పుస్తకాలు మంటల్లో వెయ్యడం జనంలో నిలబడి కళ్ళారా చూశాడు.

ఆ మంట దగ్గర ఉపన్యాసం ఇచ్చినవాడు గోబెల్స్. మన పేపర్లలో ఇప్పటికీ గోబెల్స్ ప్రచారం అని రాస్తారే, వాడే. అతని చదువేమిటో మనవాళ్ళు అంతగా పట్టించుకోరు. హైడెల్‌బర్గ్‌లో 1921లో జర్మన్ సాహిత్యంలోనే డాక్టరేటు పరీక్ష పాసయ్యాడు. పర్యవేక్షించిన ఆచార్యుడు యూదు వంశీయుడు. డిగ్రీ వచ్చాక ఉద్యోగం లేదు. నవల రాశాడు, ఎవరూ వెయ్యలేదు. 1923లో కొలోన్‌లో ఒక బ్యాంకులో కొన్ని నెలలు గుమాస్తాగిరీ చేశాడు. అక్కడిదాకా అతని కథ మా హాస్టల్‌లో ఎవరిదైనా కావచ్చు. అంటే మంట ముందు నిలబడి మాట్లాడినవాడూ, మంటలో పుస్తకాలు పోగొట్టుకున్నవాడూ ఇద్దరూ సాహిత్యంలో డాక్టర్లే. అలంకారశాస్త్రం ఇద్దరికీ బాగానే పనికొచ్చింది.

వాడు చాలాసేపు ఆ కంచు కుర్రాణ్ణి చూస్తూ ఉండిపోయాడు. "అయితే నువ్వు కూడ అమ్మ వైపేనా?" అన్నాడు.

కాదు. కానీ కాదని ఎందుకు అన్నానో చెప్పాలంటే విక్టర్ క్లెంపెరర్ గురించి చెప్పాలి.

క్లెంపెరర్ 1920 నుంచి ఈ డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలోనే ఫ్రెంచి సాహిత్యం చెప్పిన ఆచార్యుడు. ఇంజనీర్ల కాలేజీలో సాహిత్యం మాస్టారు. తనని ఎవరూ లెక్కచెయ్యరని లోలోపల బాధ. కీర్తి మీద ఆశ కూడా బాగానే ఉన్నవాడు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి సాహిత్యం మీద పెద్ద గ్రంథం రాసి నిలిచిపోవాలని కోరిక. రబ్బీ కొడుకు. క్రైస్తవం పుచ్చుకున్నా నాజీల లెక్కలో యూదుడే. 1935లో ఉద్యోగం పోయింది. గ్రంథాలయంలో మొదట పఠనమందిరంలోకి రావద్దన్నారు, తర్వాత పుస్తకమే ఇవ్వమన్నారు. టైపు మిషను లాక్కున్నారు. ఇల్లు ఖాళీ చేయించి యూదుల ఇళ్ళలోకి తోశారు. పిల్లిని పెంచుకోవడం కూడా నేరమైతే పెంపుడు పిల్లిని చంపించాల్సి వచ్చింది. ముసలితనంలో ఫ్యాక్టరీ కూలి చేయించారు. భార్య ఏవా యూదురాలు కాదు. ఆమె విడాకులు ఇవ్వనందువల్లే ఆయన ప్రాణం నిలిచింది.

పెద్ద గ్రంథానికి కావలసిన పుస్తకాలు లేవు. చెవులు మాత్రం ఉన్నాయి. ఆయన వినడం మొదలుపెట్టాడు. రేడియోలో, వీధిలో, ఫ్యాక్టరీలో, పోలీసుల తిట్లలో మాటలు ఎలా మారుతున్నాయో డైరీలో రాసుకున్నాడు. మూఢాభిమానం అన్న మాట తిట్టుగా ఉండేది, మెచ్చుకోలు ఎప్పుడయిందో పట్టుకున్నాడు. బాధితులైన యూదుల నోట కూడా బాధించేవాళ్ళ మాటలే వస్తున్నాయని గమనించాడు. దొరికితే చావే. ఆ కాగితాలను ఏవా విడతలు విడతలుగా పిర్నాలోని డాక్టరు స్నేహితురాలి ఇంటికి చేరవేసేది.

1945 ఫిబ్రవరి 13న, ఊళ్ళో మిగిలిన కొద్దిమంది యూదులకి బయలుదేరమనే తాఖీదులు అందించే పని ఆయన మీదే పడింది. ఆ రాత్రే బాంబులు పడ్డాయి. భార్యాభర్తలు మంటల్లో విడిపోయి, ఎల్బా ఒడ్డున మళ్ళీ కలిశారు. ఆమె చిన్న చాకుతో ఆయన కోటు మీది పసుపు నక్షత్రాన్ని తీసేసింది. అలా బతికిపోయారు. ఆ రాతల నుంచి తీసిన పుస్తకం 'ఎల్.టి.ఐ.' 1947లో వచ్చింది. డైరీలు ఆయన పోయిన 35 ఏళ్ళకి, 1995లో వెలువడ్డాయి. ఆయన్ని రానివ్వని గ్రంథాలయానికి వారసురాలైన గ్రంథాలయంలోనే ఇప్పుడు ఆయన చేతిరాత కాగితాలున్నాయి. మేము కలుసుకున్నది దాని గుమ్మంలోనే.

"చూశావా, చివరికి ఆయన పేరు కూడా నిలిచింది కద" అన్నాడు మా వాడు. నేను నవ్వేశాను. ఎటు తిప్పినా వీడి జాబితాలోకే పోతోంది. కానీ 1942లో ఆ పిల్లి పోయిన రోజున ఆయనకి తన పేరు నిలుస్తుందని ఎక్కడ తెలుసు? ఆ కాగితాలు పిర్నాలో తగలబడిపోయి ఉంటే? అప్పుడు కూడా ఆయన చేసింది అదే పని. ఆ చదువు ఆయన్ని మంచివాణ్ణి చెయ్యలేదు, రక్షించలేదు. తన చుట్టూ జరుగుతున్నదాన్ని దాని పేరుతో పిలవడానికి ఒక అలవాటు ఇచ్చింది. గోబెల్స్‌కీ అదే చదువు, ఆ పేర్లు మార్చే నేర్పు ఇచ్చింది. ఎటు వాడతావన్నది డిగ్రీ కాగితం మీద ఉండదు.

నా సంగతి అడిగాడు. "నీకేం ఇచ్చింది మామా?"

దాచడమెందుకు? ముసలాయన్ని మంచం మీద పక్కకి తిప్పడానికి కాంట్ అవసరం లేదు, నడుము అవసరం. ఎం.ఏ.లో నిష్కామకర్మ మీద ఇరవై మార్కుల జవాబు రాసి, ఎన్ని మార్కులొస్తాయా అని వేళ్ళు లెక్కపెట్టుకున్నవాణ్ణి నేను. ఇరవై ఏళ్ళుగా మా ఇంటి అద్దె ఎక్కువ భాగం మా ఆవిడ జీతంలోంచే పోతోంది. అది మామూలు విషయం అని పైకి అంటాను, లోపల ఎప్పుడూ మామూలుగా లేదు. అయితే ఆశ్రమంలో ఒక ముసలావిడ ఫిబ్రవరి వచ్చిందంటే కిటికీ తెరలు వెయ్యనివ్వదు. ఆ రాత్రి ఆమెకి ఆరేళ్ళు. మతిమరుపు అని నోట్సులో రాసి ఉంది. నేను ఆ మాట కొట్టేసి, కారణం ఏమిటో రాశాను. అప్పటినుంచి ఎవరూ తెరలు వెయ్యడం లేదు. తత్వశాస్త్రం చదవనివాడు కూడా ఇది చెయ్యగలడు. నేను చదివి చేశాను. అంతకు మించి నా దగ్గర సాక్ష్యం లేదు.

"ప్రతి పనీ ఇంకో దాని కోసమే అయితే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా, దాని కోసమే దాన్ని చేసేది ఏదో ఉండాలి కదా" అని అరిస్టాటిల్ వాదం ఒకటి వాడి మీద ప్రయోగించాను. వాడు తడుముకోలేదు. "అప్పు మాత్రం ఇంకో దాని కోసమే ఉంది మామా. అది ఆగదు" అన్నాడు. ఆ మాటతో వీడు ఏదైనా చదవగలడని నాకు ధైర్యం వచ్చింది.

జాబితా అమ్మకి చూపించొద్దన్నాను. దానితో ఆమెకి లేని ఆశ పెట్టినట్టవుతుంది, రేపు వాడు నారాయణరెడ్డిగారు కాకపోతే మోసం చేసినట్టవుతుంది. నాకిది కావాలి, దీనివల్ల ఏమీ రాకపోవచ్చు, అయినా అప్పు నాదే అని ఉన్నదున్నట్టు చెప్పమన్నాను. మిగిలిన సెమిస్టరూ థీసిస్సూ ముగించి తర్వాత మారతావా, ఇప్పుడే మారతావా అన్నది వాడిష్టం. ఇప్పుడే అయితే వీసా ఆఫీసులో ముందు కనుక్కోమన్నాను. 

రాత్రి అక్కకి ఫోన్ చేశాను. వాడికి వద్దని చెప్పలేదని చెప్పాను.

"నీకు బాధ అనిపియ్యలేదా తమ్మీ, గా చదువు చదివినందుకు?" అంది.

"కొన్నిసార్లు అనిపించింది. మళ్ళీ చదవమన్నా అదే చదువుతా."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. వెనకాల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. తర్వాత బ్యాంకులో అసలు ఎంత, వడ్డీ ఎంత, ఏ నెలలో కట్టాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. పెన్ను వెతుక్కుని రాసుకున్నాను.